పుట్టీ పెట్టిన దూలాలు

తడి దుప్పట్లు ఆరేయాలంటే ఇదివరకు బాల్కనీ చివరిదాకా వెళ్లేదాన్ని. రెండు రోజులుగా గుమ్మంలోనే నిలబడి, ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో దండెం మీదికి విసురుతున్నాను. సగం దుప్పటి నేల మీదే పడుతోంది. కింద వీధిలో పోయేవాళ్లు ఈవిడకి పిచ్చి పట్టిందనుకుంటారు, అనుకోనీ. "దుప్పటి ఆరేయడం కూడా చేతకాకుండా పోయిందా?" అని అత్తయ్య లోపలి నుంచి అడిగింది. తడిగా ఉంది అత్తయ్యా, కాలు జారుతుందని, అన్నాను. అబద్ధం. కాలు జారితే లేచి నిలబడొచ్చు. కాలి కింద ఉన్నదంతా జారుతుందేమోనని నా భయం.

మాది నూట ఎనభై ఏళ్ల ఇల్లు. వీధి మీదికి ఉన్న ఈ చెక్క బాల్కనీయే దానికి అందం. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఐదు దూలాల మీద అది నిలబడి ఉంది. పాత భవనాల ఆఫీసు వాళ్లు ఇలాంటి ఇళ్లకి ఇత్తడి పలక ఇస్తారు. దాని కోసం మా ఆయన మూడేళ్లుగా వాళ్ల చుట్టూ తిరుగుతున్నాడు. ఈ ఆదివారం పలక పెడతారు. ఇరవై మంది చుట్టాలు బాల్కనీలో నిలబడితే వీధిలోంచి ఫొటో తీయిస్తాడట. పలక మీది గుడ్డ లాగే తాడు మా చిట్టి చేతిలో ఉంటుంది. చిట్టికి తొమ్మిదేళ్లు. రెయిలింగ్‌కి ఆనుకుని, సరిగ్గా రెండో దూలానికీ మూడో దూలానికీ మధ్య నిలబడుతుంది. ఆ రెండు దూలాల్లో ఏముందో ఇద్దరికే తెలుసు, మా ఆయనకీ నాకూ.

ఎండాకాలంలో పాత రంగు గీకే పని నా మీద పడింది. ఎవరూ చెయ్యమని చెప్పలేదు, ఇంట్లో మిగతా పనులు పడ్డట్టే ఇదీ పడింది. ఆయనకి నడుం నొప్పి. అత్తయ్యకి దుమ్ము పడదు. నేను పొద్దున్నే పళ్ల డాక్టరు దగ్గర పనికి వెళ్లి, రెండింటికి ఇంటికొచ్చి, గిన్నెలు కడిగి నిచ్చెన ఎక్కేదాన్ని. అలా గీకుతుంటే ఒకరోజు, రెండో దూలం గోడలోకి దూరే చోట కత్తి పిడిదాకా దిగిపోయింది. బయటికి లాగితే టీలో నానిన రస్కులా ముద్ద ఊడొచ్చింది. పైన వాన గొట్టం ఎన్నేళ్లుగా కారుతోందో ఏమో. మూడోదీ అంతే. నేనే వడ్రంగిని పిలిచాను. ముసలాయన తట్టి చూసి, చెవి పెట్టి విని, పుచ్చిన మేరకి కోసేసి అదే జాతి కర్ర తెచ్చి అతుకుతానమ్మా, బాగున్న చోట చెయ్యి కూడా వెయ్యను, పదిహేను రోజుల పని, అన్నాడు. ముందుగా అర్జీ పెడితే ఆఫీసు వాళ్లు ఒప్పుకుంటారనీ చెప్పాడు. మా ఆయన అతన్ని గుమ్మం దాటించి వచ్చి, "కొత్త కర్ర పెట్టాక ఇంకేం పాత ఇల్లు? అర్జీ పెట్టామంటే మన ఫైలు మళ్లీ అడుక్కి పోతుంది," అన్నాడు.

పైగా నవ్వుతూ, "రోజూ పుచ్చిన పళ్లు పూడ్చేది నువ్వేగా, ఇదీ అంతే అనుకుని పుట్టీతో పూడ్చెయ్," అన్నాడు. నేను పూడ్చను, డాక్టరుకి సిమెంటు కలిపి అందిస్తాను. పదకొండేళ్లుగా అందిస్తున్నా ఆ డాక్టరుకి నేను ఇంకా "అమ్మాయ్"నే. కానీ పుచ్చు పూర్తిగా తీయకుండా పైన సిమెంటు పెడితే లోపల పన్ను ఇంకా పాడైపోతుందని పేషెంట్లకి రోజూ విడమర్చి చెప్పేది మాత్రం నేనే. ఆ మాటే ఇంట్లోనూ అన్నాను. "ఇది పన్ను కాదు, దూలం," అన్నాడు. అంతకుముందు నిమిషం దాకా అది పన్నే.

రెండు వారాలు పట్టింది. పుట్టీలో రంపపు పొట్టు కలిపి పదకొండు డబ్బాలు కూరాను. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, చిట్టి పాత దువ్వెనతో గీతలు గీసి కర్ర చారలు తెప్పించాను. ముదురు రంగు వేశాక నేనే పోల్చుకోలేకపోయాను. తర్వాత ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు వాటి కింద నిలబడి, ఎంత బాగా కాపాడుకున్నారండీ అని మెచ్చుకున్నాడు. "నా ఆదివారాలన్నీ దీనికే పోశానండీ," అన్నాడు మా ఆయన. నేను పక్కన నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నా, నాక్కూడా లోపల సంతోషం వేసింది. నా చేతి పనిని ఒకళ్లు తలెత్తి చూడటం అదే మొదటిసారి. ఆ సంతోషం ఇప్పుడు తలుచుకోలేను.

ఎందుకంటే ఈ సోమవారం వాకిలి ఊడుస్తూ తలెత్తితే రెండో దూలం మీద వెంట్రుకంత గీత కనపడింది. పగులు కదులుతోందో లేదో తెలియాలంటే దానికి అడ్డంగా కాగితం అతికించి చూడాలని వడ్రంగి అప్పట్లో చెప్పాడు. చిట్టి నోటుబుక్కులోంచి వేలెడు కాగితం చించి అతికించాను. మంగళవారం బాగానే ఉంది. బుధవారమూ బాగానే ఉంది. గురువారం పనికి వెళ్తూ చూస్తే నడిమికి చిరిగిపోయి ఉంది. ఆ పూట క్లినిక్‌లో రెండుసార్లు సిమెంటు చేతిలోనే గట్టిపడిపోయింది. ఏమైంది అమ్మాయ్ నీకు అని డాక్టరు పేషెంటు ముందే కసిరాడు. ఏమని చెప్పను?

ఆ సాయంత్రం చిరిగిన కాగితం తీసుకెళ్లి మా ఆయన ముందు పెట్టాను. టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, రంగు ఆరి చీలిందిలే, ఇంకో పూత వెయ్యి, అన్నాడు. చిట్టి నిలబడుతుందండీ అక్కడ, అన్నాను. అత్తయ్య అందుకుంది. తన పెళ్లినాడు నలభై మంది నిలబడ్డారట, కిర్రుమని కూడా అనలేదట, మొదట్నుంచీ నాకు వాళ్లింటిది ఏదీ ఆనదట. ఆవిడ లేచి వెళ్లాక ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు నోరు జారావంటే మూడేళ్ల కష్టం బూడిదలో పోసినట్టే. ఆఫీసుని మోసం చేశామని కేసు కూడా పెడతారు. కూరింది ఎవరు? నువ్వేగా." మెచ్చుకున్నప్పుడు ఆయన పని. కేసైతే నా పని. నాకు నవ్వొచ్చేదే, అంత భయం వేయకుండా ఉంటే.

మా ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. మాట్లాడటం మానేస్తాడు. ఒకసారి చుట్టాల ముందు ఆయన మాటకి అడ్డు చెప్పానని యాభై రోజులు మానేశాడు. నేను గదిలో ఉండగానే, అక్కడ ఎవరూ లేనట్టు లైటు ఆర్పేసి వెళ్లిపోయేవాడు. అప్పటికి ఐదేళ్లున్న చిట్టి వెనక్కొచ్చి, అమ్మ ఉందిగా నాన్నా, అని మళ్లీ వేసేది. ఆ యాభై రోజుల్లో ఉన్నానో లేనో నాకే అనుమానం వచ్చేది. శుక్రవారమంతా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని తిరిగాను. చిట్టి బాల్కనీ వైపు పరిగెత్తినప్పుడల్లా ఏదో ఒక పని చెప్పి వెనక్కి పిలిచాను. సాయంత్రానికి ఆ పిల్ల విసుక్కుని, ఇవాళ నీకేమైందమ్మా, అనేసింది.

శనివారం పదింటికి ఇన్‌స్పెక్టరు చివరి సంతకానికి వచ్చాడు. హాల్లో టేబుల్ మీద ఫారం పరిచాడు. అత్తయ్య మంచి చీర కట్టుకుని కూర్చుంది. తాడు లాగడం ప్రాక్టీసు చేసుకుంటానని చిట్టి బాల్కనీ మెట్ల దగ్గర గెంతుతోంది. నేను టీ పట్టుకొచ్చాను. దూలాల పని ఎవరు చేశారో పేరు రాయాలండీ ఇక్కడ, అన్నాడు ఇన్‌స్పెక్టరు. మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆయన కాదండీ. నేను చేశాను," అన్నాను.

ఆ గొంతు నాదిలా లేదు. ఇన్‌స్పెక్టరు పెన్ను ఆపి నన్ను చూశాడు, తర్వాత ఆయన్ని చూశాడు. ఆయన మొహం ఒక్క క్షణం మాడి, అంతలోనే తేలికపడింది. ఆడదానికి పేరు మీద మోజు పుట్టిందనుకున్నాడు. అవునండీ, మా ఆవిడ కూడా బోలెడు సాయం చేసింది, ఆవిడ పేరూ రాయండి పాపం, అన్నాడు. అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వేసి ఊరుకోవచ్చు. టీ ఇచ్చేసి వంటింట్లోకి వెళ్లిపోవచ్చు, కాళ్లు అటే లాగుతున్నాయి. ట్రే కింద పెట్టాను. మెట్ల మీద చిట్టి అడుగులు వినిపిస్తున్నాయి, ఒకటి, రెండు, మూడు.

"నా పేరొక్కటే రాయండి," అన్నాను. "రెండో దూలంలో, మూడో దూలంలో ఉన్నది కర్ర కాదు, పుట్టీ. కలిపింది నేను, కూరింది నేను. ఎవరు చెయ్యమంటే చేశానో తర్వాత రాసుకుందురు గాని. పగులు కదులుతోంది. ఎక్కడ పొడిస్తే కత్తి లోపలికి దిగిపోతుందో నాకు తెలుసు, రండి, కింద నుంచే చూపిస్తాను. చిట్టీ, ఆగు. పైకి ఎక్కకు."