మొగిలి చేతిలో దొర కెమెరా

గనిలో రూఫ్ కూలి ఇద్దరు పోయిన దగ్గర నుంచి మొగిలి ఒకటే మాట పట్టుకున్నాడు. దుంగల ఆసరా పెట్టందే ఆ జాగలోకి ఎవరూ దిగొద్దు. గని గేటు ముందు అతను పెట్టిన మీటింగులకు మొదట్లో జనం విరగబడి వచ్చారు. తర్వాత దయాసాగర్ వచ్చాడు, మెడలో రష్యా కెమెరాతో. టైమాఫీసు క్లర్కు. గేటు లోపల నిలబడి ఒక్కొక్క ముఖానికీ గురిపెట్టి నొక్కేవాడు. ఫొటోలు చూసి నౌకరీలు ఊడబీకుతారని పుకారు లేచింది. సగం మంది రావడం మానేశారు. వచ్చినవాళ్లు ముఖాలకు తువ్వాలలు చుట్టుకున్నారు. ముఖం దాచుకున్నవాడు చెయ్యేం ఎత్తుతాడు?

ఒక పొద్దున మొగిలి నేరుగా దయాసాగర్ క్వార్టరుకు పోయాడు.

"కూసో అన్నా. చాయ్ పెట్టిస్త."

"చాయ్ వద్దు. బీడీలున్నయా, అగ్గిపెట్టె ఉన్నదా అని గని దిగేముందు రోజూ మమ్మల్ని తడుముతరు గదా. ఇయ్యాల నీ కెమెరాను నేను తడుముత. తే."

దయాసాగర్ వెంటనే తెచ్చిచ్చాడు. ఇంత తేలిగ్గా ఇచ్చేశాడేమిటి? మొగిలికి అనుమానం పెరిగింది.

"పైన గీ చక్రమేంది?"

"స్పీడు. లోపలి పరదా ఎంత జల్ది తెరిచి మూయాల్నో గది చెప్తది. లెన్సు మీది రింగు వెలుగు ఎంత రావాల్నో చూస్కుంటది. ఇందులకెల్లి చూడు. లెన్సు ముందు ఏముంటే గదే లోపలి అద్దం నీ కంటికి చూపిస్తది. నొక్కంగనే అద్దం పైకి లేస్తది."

మొగిలి కన్ను ఆనించాడు. అంతా మసక. లెన్సు మీదున్న ఇంకో రింగు తిప్పితే దయాసాగర్ ముఖం తేటబడింది. పైపెదవి మీద చెమట. ఇంత పొద్దున్నే చెమటెందుకు?

"గింత మంచిగ చూసి పట్టిస్తున్నవన్నట్టు. గీ లీవరు?"

"ఫొటో తీసినంక తిప్పాలె. ఫిలిం జరుగుతది. అవతల రీలు చుట్టే బొడిపె ఉన్నది సూడు, ఫిలిం జరిగితే గది గూడ తిరుగు..." దయాసాగర్ నాలుక కరుచుకున్నాడు.

మొగిలి లీవరు తిప్పాడు. బొడిపె కదల్లేదు. నొక్కి మళ్లీ తిప్పాడు. కదల్లేదు.

"మూత తియ్యి."

"వెలుగు తగిల్తే ఫిలిం ఖరాబైతదన్నా."

"ఉంటే గదా."

వెనక మూత తెరుచుకుంది. లోపల నల్లటి పరదా, ఇటూ అటూ రెండు ఖాళీ గూళ్లు. అంతే.

"మేనేజరు దొర కెమెరా ఇచ్చిండు, ఫిలిం ఇయ్యలే," అన్నాడు దయాసాగర్ నేల చూస్తూ. "ఉత్తగ నొక్కు, వాళ్లే భయపడ్తరన్నడు."

"గీ ముచ్చట గేటు కాడ చెప్పు."

"నా నౌకరి పోతది."

"అయితే కెమెరా నేను పట్కపోత. మొగిలి గుంజుకపోయిండని చెప్పుకో."

రీలు ముందే తీసి దాచాడేమోనన్న అనుమానం దారి పొడవునా మొగిలిని తొలిచింది. అయినా ఖాళీ పెట్టెను జనం కళ్లతో చూస్తే చాలు, భయం వదులుతుందనుకున్నాడు.

షిఫ్టు మారే వేళ గేటు ముందు మూత తెరిచి కెమెరాను ఎత్తిపట్టాడు.

"చూడున్రి, ఇందుల ఫిలిం లేదు. ఉంటే లీవరుతోపాటు గీ బొడిపె తిరగాలె. తువ్వాలలు తియ్యున్రి. దుంగలు పెట్టిందాక దిగం అని చెప్పున్రి."

ఎవరూ తీయలేదు. గనిలో దుంగలు నిలబెట్టే యోనా ముందుకొచ్చాడు. వయసులో పెద్దవాడు, అందరూ కాకా అని పిలుస్తారు.

"మొగిలీ, దొర కెమెరా నీ చేతికెట్లొచ్చింది?"

"దయాసాగర్ ఇంట్ల గుంజుకచ్చిన కాకా."

"గుంజుకున్నోనికి గిన్ని మీటలు ఎవడు నేర్పిండు?"

మొగిలితో ఒకే జాగలో బొగ్గు నింపే ముత్యం వెనక నుంచి అన్నాడు. "పొద్దుగాల వాళ్లింట్ల కూసోని ఒకటే ముచ్చట్లు. కిటికీలకెల్లి నేనే చూసిన."

"గీ మీటింగులన్నీ మమ్మల్ని కెమెరా ముందట నిలబెట్టెతందుకేనా?" అన్నాడు యోనా.

మొగిలి ఎత్తిన కెమెరాను దించాడు. ఏది చెప్పినా దయాసాగర్ ఇంటి దగ్గరికే పోయి ఆగుతుంది.

యోనా కాక తువ్వాలను కళ్ల కిందిదాకా లాక్కుని గేటులోకి నడిచాడు. ఆయన వెనక ముత్యం. ముత్యం వెనక మిగతావాళ్లు. అందరూ దిగారు, దుంగలు పెట్టని ఆ జాగలోకే.