ఖాళీ మేకు

బళ్ళారి కౌల్ బజార్‌లోని కృపానిధి ఫోటో స్టూడియోకు నల్లగా వచ్చినవాడెవడూ నల్లగా తిరిగిపోలేదు. తడి తువాలుతో మొహం తుడిచి, పౌడరు అద్ది, నీలం కోటు తొడిగి, ఎవరినైనా పెండ్లికొడుకుగా మార్చి పంపేవాడు కృపానిధి. కోటు ఒక్కటే. దానికి కొలతల్లేవు. వీపు నిలువునా కోసి ఉంచాడు. సన్నవాడైతే వెనక బట్టలారేసే క్లిప్పులు పెట్టి బిగించడం, లావైనవాడైతే తెరిచి వదిలేయడం. ముందు నుంచి చూస్తే కలెక్టరు, వెనక నుంచి చూస్తే ఆపరేషనుకు పోతున్న రోగి.

"ఫోటోకు వీపు ల్యా పిల్లా, మొకమే ఉండేది" అనేవాడు కృపానిధి.

ఆ పిల్ల షాలిని, ఆయన అక్క కూతురు. రూపనగుడి బడిలో పది దాకా చదివి స్టూడియోకు వచ్చింది. తువాలు తడపడం, క్లిప్పులు పెట్టడం, దీపాలు జరపడం, కంప్యూటర్లో మొటిమలు చెరపడం, అన్నీ ఆమె పనులే. కెమెరా మాత్రం మామది. "ఆడపిల్ల కెమెరా పట్టుకుంటే కూచున్నోడు కెమెరాను చూస్తాడా, పిల్లను చూస్తాడా?" అన్నది ఆయన సిద్ధాంతం. షాలిని మాట్లాడే పిల్ల కాదు గనక ఎదురు చెప్పలేదు. కానీ మామ మీట నొక్కిన ప్రతిసారీ ఒక్క క్షణం తొందరపడ్డాడని ఆమెకు అనిపించేది.

తొందరపడటానికి కారణం ఉంది. పొద్దున్నే మామ చేతులు వణికేవి. పక్క సందులో మందు షాపు తలుపు తెరుచుకుని, ఒక క్వార్టరు లోపలికి పోయాకే నిలకడకు వచ్చేవి.

"ఇది తాగుడు కాదు, కెమెరాకు స్టాండు ఉన్నట్ల నాకిది స్టాండు" అనేవాడు. సాయంత్రానికి ఆ స్టాండునే ఎవరో ఒకరు మోసుకుపోయి ఇంట్లో దించాల్సి వచ్చేది.

ఈలోగా రూపనగుడి నుంచి షాలిని అమ్మ కబురు పంపింది. "తువాళ్లు తడిపేదానికి కౌల్ బజారే కావల్లా? ఈడ మనుషులంతా గనులకు పోయినారు, మిరపకాయలు ఏరేదానికి చెయ్యి ల్యా. క్రిస్మస్‌కు ముందర నేనే వచ్చి పిల్చకపోతా." కెమెరా పట్టే పని ఏదైనా దొరికితే తప్ప ఆ మాటకు అడ్డు చెప్పేందుకు షాలిని దగ్గర ఏమీ లేదు. తువాళ్లు ఎవరైనా తడుపుతారు కదా!

ఆ ఏళ్లలో బళ్ళారి గాలి కూడా ఎర్రగా ఉండేది. గనుల లారీలు పగలనక రాత్రనక తిరిగి తిరిగి ఊళ్లో తెల్ల గోడ, తెల్ల చొక్కా, తెల్ల కోడి అన్నవి మిగలకుండా చేశాయి. ఎక్కడెక్కడి జనమో గనుల్లో పనికి వచ్చేవారు. పనికి గేటు పాసు కావాలి. పాసుకు ఫోటో కావాలి. అందరూ కృపానిధి కోటు తొడుక్కున్నవాళ్లే.

ఒకరోజు గని గేటు దగ్గర కాపలా ఉండే హొన్నప్ప, నలుగురు కూలీలను వెంటబెట్టుకుని, మీసాలు వణుకుతుంటే స్టూడియోలోకి వచ్చాడు.

"ఏమప్పా కృపానిధీ, నా కెలస తీసి ఇంటికి పంపిస్తావా ఏంది?"

"ఏమైంది హొన్నప్పా? కూచో."

"కూచునేదానికి రాల్యా. ఈ పాసు చూడు. ఈ మనిషిని చూడు. ఇద్దురూ ఒకరే అంటే నేను నమ్మల్లనా?"

పాసులో పాల మీగడలాంటి మొహంతో, నీలం కోటుతో, ఎవరో బ్యాంకు మేనేజరు చిరునవ్వు నవ్వుతున్నాడు. దాని పక్కన ఝార్ఖండ్ నుంచి వచ్చిన సుఖ్‌లాల్, తల నుంచి కాలి గోళ్ల దాకా ఇటుక రంగులో, కనురెప్పల మీద కూడా దుమ్ముతో నిలబడి ఉన్నాడు. ఇద్దరికీ పోలిక పళ్లలోనే ఉంది.

"మొకం కడుక్కుంటే సరిపోతాది గదప్పా" అన్నాడు మామ.

"యాడ కడుగుతాడు? ఆడ తాగేదానికే నీళ్లు ల్యా! పొద్దున లారీ మీద కూచొని వస్తారు, ఎర్రగానే వస్తారు. మొన్న మేనేజరు పాసులన్నీ చూసి నన్నేమన్నాడు తెలుసునా? 'హొన్నప్పా, లోపలికి పోయింది ఆఫీసర్లు, బైటికి వచ్చింది కూలీలు. మన ఆఫీసర్లను యాడ పూడ్చిపెట్టినావు?' అన్నాడు."

సుఖ్‌లాల్ తన చెంప మీది ఎర్రమన్ను వేలితో చూపించాడు. "సాబ్, మిట్టీ. మిట్టీ వాలా ఫోటో."

కృపానిధి ముఖం మాడిపోయింది. "నా బతుకంతా మట్టి తుడిచేదానికే సరిపోయిందప్పా. ఇప్పుడు మట్టికే ఫోటో తీయమంటావా? నా చేత్తో తీయను. షాలినీ, నువ్వే నొక్కు పో. దీనికి ఫోటోగ్రాఫరు ఎందుకు, బొమ్మ పడితే చాలు." అని కెమెరా ఆమె మెడలో వేసి, స్టాండు కోసం పక్క సందుకు పోయాడు.

షాలిని కోరుకున్నది మట్టి పుణ్యమా అని అలా మెడలో పడింది.

సుఖ్‌లాల్ కుర్చీలో కూర్చుని అలవాటుగా ఊపిరి బిగబట్టాడు. ఆమె "నవ్వు" అనలేదు, "గడ్డం పైకెత్తు" అనలేదు. పాలు పొంగేదాకా పొయ్యి ముందు కూర్చున్నట్టు ఊరికే నిలబడింది. కాసేపటికి ఊపిరి ఆపుకోలేక వదిలాడు. ఇంకాసేపటికి ఫోటో సంగతే మరిచి, బయట పోతున్న లారీ చప్పుడు వింటూ ఇంకేదో ఊళ్లో ఉన్నట్టు కూర్చున్నాడు. అప్పుడు నొక్కింది.

ఫోటో చూసి హొన్నప్ప తొడ చరిచాడు. "ఈయప్పే! దినామూ నా గేటు కాడికి వచ్చేది ఈయప్పే!"

సుఖ్‌లాల్ మాత్రం కుర్చీ దిగలేదు. తువాలు వైపు, కోటు వైపు చెయ్యి చూపించాడు. "ఔర్ ఏక్. మా కే లియే."

మట్టి మొహం చూస్తే వాళ్లమ్మ ఏడుస్తుందట. షాలిని తువాలు తడిపి, మొహం తుడిచి, వీపున క్లిప్పులు పెట్టి రెండో ఫోటో తీసింది. గేటుకొకటి, ఇంటికొకటి. కూలీల షెడ్లలో ఈ మాట పాకి, వచ్చినవాళ్లంతా రెండేసి అడగసాగారు. ఆదివారాల్లో స్నానం చేసి తెల్లగా వచ్చి పడేవాళ్లు కొందరు. వాళ్ల కోసం పౌడరు డబ్బా పక్కన ఎర్రమన్ను డబ్బా కూడా వెలసింది. అద్దే కుచ్చు రెండింటికీ ఒకటే.

ఒక పొద్దున దీపాలు సరిచేయడానికి ఎవరైనా కుర్చీలో కూర్చోవాల్సి వచ్చి మామను కూర్చోబెట్టింది. మందు షాపు ఇంకా తెరవలేదు. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. షాలిని దీపం చూడబోయి మామను చూసింది. నొక్కింది. ఆయనకు ఆ చప్పుడు కూడా వినిపించలేదు.

ఇక కరుణమ్మ సంగతి. ఆమె కృపానిధి భార్య, చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శి. తాగుడు మీద ప్రసంగాలు విని విని తాగేవాళ్లకు కునుకు అలవాటైంది గానీ తాగుడు పోలేదని సమాజం వారు ఆ ఏడు కొత్త ఆలోచన చేశారు. ఊరు విడిచి వచ్చినవాళ్లవీ, మత్తులో పడినవాళ్లవీ ముఖాలు ఫోటోలు తీసి చర్చి హాల్లో గోడల నిండా పెట్టాలి. జనం వాళ్ల కళ్లలోకి చూడాలి. ఫోటోలు తీసే భారం కరుణమ్మ మొగుడి నెత్తిన పెట్టింది. మొగుడి సంగతి తెలిసే పెట్టిందని షాలినికి అనుమానం.

తాగేవాడినని ఫోటో దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు. కౌల్ బజార్ మొత్తం మీద తాగేవాడే లేడని ఆ వారం తేలింది. ఒకడు ఒళ్లునొప్పులకు పుచ్చుకుంటాడు, ఒకడు గొంతులో దుమ్ము దిగడానికి, ఇంకొకడు బావమరిది బాధపడతాడని. కోటు వేసి ఊరికే ఫోటో ఇస్తారని తెలిశాక మాత్రం వరస కట్టారు. ఇడ్లీ బండి తాయప్ప కూడా వరసలో నిలబడి, "నేను శానా తాగుతానప్పా, చెప్పుకోలేను" అన్నాడు. వెనక నుంచి వాళ్లావిడ వచ్చి చెవి పట్టుకుంది. "కాఫీ తాగితేనే నిద్ర పట్టదు నీకు! నడువు ఇంటికి!"

శనివారం పొద్దున ఫోటోలు గోడకెక్కాయి. సంఘపెద్ద మోజెస్ కర్ర ఊతంగా ఒక్కొక్కటే చూస్తూ వచ్చి చివర ఆగాడు.

"ఏమప్పా కృపానిధీ, వీళ్లంతా ఏ ఆఫీసులో ఉండారు?"

"ఆఫీసు కాదు పెద్దాయనా, తాగుబోతులు."

మోజెస్ మళ్లీ మొదటి నుంచీ చూశాడు. తెల్లటి మొహాలు, నీలం కోట్లు, చిరునవ్వులు. "ఇంత బాగుంటారా?" అన్నాడు. "ఇది చూస్తే తాగనోనికి గూడా తాగల్లనిపిస్తాది గదప్పా!"

"నా స్టూడియోలో ఎవురైనా బాగనే ఉంటారు" అన్నాడు మామ రోషంగా, కోపమొస్తే పోయే చోటికే పోయాడు.

కరుణమ్మ కుర్చీలో కూలబడింది. "రేపు ఆరాధన అయినాక ఊరంతా వస్తాది. గోడలకు ఏం పెట్టేది?"

గోడకు ఆనుకుని నిలబడిన షాలిని నోరు విప్పింది. "అత్తా, గేటు ఫోటోలు ఉండాయి."

సాయంత్రానికి అవి పెద్దవిగా అచ్చయి వచ్చాయి. ఒక్కొక్కరికి రెండు, మట్టి మొహం పక్కన కోటు మొహం. కట్ట విప్పుతున్న కరుణమ్మ చేతికి అడుగున ఒంటరిగా ఉన్న ఫోటో తగిలింది. దాన్ని అచ్చు వేయించాలని షాలిని అనుకోలేదు, అన్నిటితో పాటు అచ్చుకు పోయింది.

"అది వద్దులే అత్తా. మామ నన్ను ఇంకెప్పుడూ కెమెరా ముట్టనియ్యడు."

కరుణమ్మ దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "దినామూ పొద్దున నేను చూసే మొకం. ఒక్కదినం ఊరు చూస్తే ఏం? రేపు ఆయప్ప ఏమన్నా అంటే నన్ననమను." సుత్తి తీసుకుని తనే మేకు కొట్టి తగిలించింది. దాని పక్కన ఇంకో మేకు కొట్టి, దాన్ని ఖాళీగా వదిలేసింది.

ఆదివారం హాలు నిండిపోయింది. హొన్నప్ప మట్టి మొహాల ముందు ఆగి ఒక్కొక్కరినీ పేరుతో పలకరిస్తున్నాడు. కోటు మొహాల దగ్గరికి వచ్చేసరికి, "ఈయన ఎవురో నాకు తెల్వదు" అని ముందుకు జరుగుతున్నాడు. సుఖ్‌లాల్ స్నానం చేసి వచ్చి తన రెండు మొహాల మధ్య నిలబడితే, ముగ్గురిలో ఎవరు అసలని పిల్లలు పందెం వేసుకున్నారు. నవ్వుతూ వచ్చిన ఆడవాళ్లు ఆ కళ్ల ముందు ఎందుకో మాట తగ్గించుకుంటున్నారు.

రూపనగుడి బస్సు దిగి షాలిని అమ్మ కూడా వచ్చింది. చంకలో ఖాళీ సంచి, కూతురి బట్టలకు. ఆ సంచి చూసి షాలిని జనం వెనక్కి జరిగింది.

అంతలో మామ వచ్చాడు. స్టాండు బాగానే పడినట్టుంది. "మట్టి, మట్టి, అంతా మట్టే" అని విసుక్కుంటూ వరసన వచ్చి, తన ఫోటో ముందు ఆగిపోయాడు. ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు.

"పొద్దుటి వెలుతురు" అన్నాడు చివరికి.

"అవు మామా."

"ఫోకసు కంటి మీద పట్టినావు."

"పట్టినా."

"మొకం బాగుండాది. చేతులు మసక పోయినాయి చూడు. కెమెరా కదిలించినావు."

"నేను కదిలించల్యా మామా" అంది షాలిని మెల్లగా. "కెమెరా కదిలింటే మొకం గూడా మసక పోయుండల్ల."

అది ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఫోటోలోని చేతులను చూశాడు. తన చేతులు చూసుకుని జేబుల్లో పెట్టుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వబోయి కరుణమ్మ చూపుకు ఆపుకున్నారు. మామ చూపు పక్కకు జరిగి ఖాళీ మేకు మీద పడింది.

"అందరికీ రెండు ఉండాయి. నాకొక్కటే ఏంది?"

"రెండోది ఇంకా తీయల్యా" అంది కరుణమ్మ.

"అయితే తీయమను! ఎవురప్పా ఆడ, ఆ కోటు తీసుకరాండి!"

"కోటు వద్దు మామా" అంది షాలిని. "స్టాండు లేకుండా చేతులు నిలిచిన పొద్దు తీస్తా."

ఈసారి నవ్వు ఆగలేదు. మోజెస్ కర్ర కూడా నేల మీద టకటకమని నవ్వింది. మామ కోప్పడాలో నవ్వాలో తేల్చుకోలేకపోయాడు. షాలిని అమ్మ ఇదే సమయమనుకుని కూతురి చెయ్యి పట్టుకుంది.

"చాల్లే, ఉన్న పరువు తీసినావు మీ మామది. దా, బస్సు పోతాది."

"యాడికి?" అన్నాడు మామ గిరుక్కున తిరిగి.

"ఇంటికి. మిరపకాయలు ఏరేదానికి."

"మిరపకాయలా? అక్కా, నన్ను ఈ గోడ మీద సగంలో ఇడిసిపెట్టి పోతాదా? ఊరంతా దినామూ దీన్నే చూడల్లనా? పని సగంలో వదిలేసి పోయేది ఫోటోగ్రాఫరే కాదు. ఆ మేకు నిండేదాకా ఈ పిల్ల యాడికీ పోదు!"

ఫోటోగ్రాఫరు. ఆ మాట మామ నోట తన గురించి వినడం షాలినికి అదే మొదలు. ఆమె నేల చూసింది.

అమ్మ ఫోటోలోని తమ్ముడి చేతులను, ఎదుటి తమ్ముడి జేబులను మార్చి మార్చి చూసింది. "నువ్వు మానేదాకానా?" అంది. "అయితే నా కూతురు ఈ జన్మలో ఇల్లు చేరదు." సంచి మడిచి చంకలో పెట్టుకుని, ఒక్కతే బస్సుకు పోయింది.

మర్నాడు పొద్దున షాలిని స్టూడియో తలుపు తీసేసరికి మామ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తనే మొహం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. పోయి కుర్చీలో కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టాడు. షాలిని కెమెరాలోంచి చూసింది. పాలు పొంగేదాకా కూర్చున్నట్టు చూసింది. సందులో మందు షాపు తలుపు లేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఈ పొద్దు కాదు మామా."

"రేపు?"

"రేపు చూస్తాం."

మామ లేచి గడప దాకా పోయి, సందు వైపు చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"నీకంటే ఆ గేటు కాడ హొన్నప్ప మేలు, మట్టి మొకాన్నైనా లోపలికి ఇడుస్తాడు" అన్నాడు.