గడ్డి కాగితం మీద సారమ్మ

ముక్కు కాదు, తేడా ముక్కులో లేదు, పెదవి దగ్గరెక్కడో ఉంది, కత్తి మొన ఇంకో వెంట్రుకవాసి లోపలికి తిరిగి ఉంటే సారమ్మ వచ్చేసేదేమో, ఇది పదిహేడో కాగితం, పదహారు అప్పుడే దండెం మీద ఆరుతున్నాయి, పదహారు మంది ఆడవాళ్లు, ఒక్కతీ నా పెళ్లాం కాదు, సూర్యాపేటలో సగం దుకాణాల మీద బొమ్మలు వేసిన చెయ్యికి ఇంట్లో మనిషి బొమ్మ రాదా బక్కయ్యా అని నన్ను నేనే తిట్టుకుంటూ, చెక్క చట్రానికి బిగించిన మల్లుగుడ్డ కింద కత్తిరించిన కాగితం అంటించి, పైన మసిరంగు పోసి, రబ్బరు పట్టీతో ఇవతలికి లాగాను, కత్తిరించిన చోటల్లా రంగు దిగుతుంది, మిగతా చోట రంగు అంటదు, అంతే విద్య, నేర్పినవాడు కోదాడ అవతల కాందిశీకుల శిబిరం పక్కన గుడ్డల మీద అచ్చు వేసే ముసలాయన, రంగు తక్కువెయ్యి నాయనా, గుడ్డ తాగేస్తుంది అనేవాడు, నిరుడు రజాకార్ల భయానికి ఆ శిబిరానికి పోయాం, ఇద్దరం పోయి ఒక్కణ్ణే తిరిగొచ్చాను, కలరా ఆమెను మూడు రోజులు కూడా ఉంచలేదు.

ఫోటో లేదు, ఒక్కటంటే ఒక్కటి లేదు, తీయించుకుందామే అంటే, ఎప్పుడూ నీ ఎంబడే ఉంట గదా, ఇగ ఫోటో ఎందుకు అనేది, వేములపల్లి నుంచి వరిగడ్డి తెచ్చి, నానబెట్టి, ఉడకబెట్టి, దంచి, జల్లెడ మీద పరిచి ఈ కాగితాలు నేనే చేశాను, దుకాణం కాగితం మీద మొహం మెరుస్తుంది, సారమ్మ మెరిసే మనిషి కాదు, గడ్డి పోగులు అడ్డంపడి చెంప గరుకుగా వస్తే ఒక్క క్షణం ఆమే అనిపిస్తుంది, మరుక్షణం కాదు, మనిషిని పాతిపెట్టి ఏడాదే అయింది, మొహం అప్పుడే ఎక్కడ పారేసుకున్నాను, భయం వేస్తోంది, అడుగుదామంటే ఇంట్లో రంగు వాసన తప్ప ఎవరున్నారు, అందుకే మిర్యాలగూడలో ఉన్న మరదలు సుందరమ్మకు కబురు పెట్టాను, అక్కాచెల్లెళ్లు ఒకే కంచంలో తిని పెరిగారు, ఆమె ఔనంటే ఔను, కాదంటే సారమ్మ ఇక ఎక్కడా లేనట్టే.

సుందరమ్మ వచ్చింది, బస్సు దుమ్ముతోనే దండెం కింద నిలబడి ఒక్కో కాగితం చూసుకుంటూ పోయింది, ఎవరు బావా ఈమె, సబ్బు డబ్బా మీది బొమ్మ లెక్కున్నది, మా అక్కకు గింత పెద్ద కండ్లు యాడియి అంది, నిజమే, ఇరవై ఏళ్లుగా గోడల మీద ఆడమనిషి అంటే ఈ చెయ్యి ఆ ఒక్క మొహమే గీసింది, ఇప్పుడూ అదే గీసింది, అక్క మొహం నీకు యాదికి లేదా బావా అని అడిగింది, జర కండ్లు మూసుకో, ఏం కనబడ్తదో చెప్పు అంది, మూసుకున్నాను, కనబడింది, మొహం కాదు, పాపిట, చెదిరిన జుట్టు, పైకెత్తిన చెయ్యి, చేతిలో రంగు డబ్బా, నేను నిచ్చెన మీద, ఆమె కింద నిచ్చెన పట్టుకుని, ఏ గోడ రాసినా అంతే, వంగి డబ్బా అందుకునేవాణ్ణి, మళ్లీ గోడకే తిరిగేవాణ్ణి, గీత వంకర పోతుందేమోనన్న ధ్యాసే పొద్దుగూకేదాకా.

ఆ మాటే చెప్పాను, సుందరమ్మ కాగితాలు వదిలి నా వైపు తిరిగి, నీ గదవ కింద చిన్న పుట్టుమచ్చ ఉన్నదట గదా బావా, మా ఆయనకు సుత తెల్వదే అని అక్క చెప్పి నవ్వేది అంది, నాకు తెలియదు, అద్దంలో ఎప్పుడూ కనబడలేదు, గడ్డం కింద వేలితో తడిమితే గింజంత తగిలింది, కింద నిలబడి తల ఎత్తి చూసేవాళ్లకే కనబడే చోటు అది, ఇరవై ఏళ్లు నేను గోడను చూశాను, సారమ్మ నన్ను చూసింది.