ఇంట్లో మిషను ఉండగా

"ఇంట్లో మిషను ఉండగా బయట కుట్టించడమేమిటి, చోద్యం కాకపోతే!" అంది మకెరిటా వదిన.

నేనప్పుడు పచ్చి అరటికాయలు చెక్కుతున్నాను. ఆ జిగురు వేళ్ళకి పట్టిందంటే రెండు రోజులు వదలదు. ఆ వేళ్ళతో తెల్లగుడ్డ ముట్టుకుంటే మరకే. అందుకని కొబ్బరినూనె రాసుకుని మరీ చెక్కుతాను. మకెరిటా వదిన మా ఆయన అలేకికి అక్క. రాజధాని ఆపియాలో ఉద్యోగం. ఆ సోమవారం పొద్దున్నే ఓడ దిగి, నాలుగు గుడ్డ తానులు టాక్సీలో వేసుకుని మా సవాయీ దీవికి వచ్చింది. నీలం గుడ్డ మీద తెల్ల పూలు. శనివారం ఊళ్ళో కొత్త చర్చి తెరుస్తున్నారు. ఆ రోజు మా కుటుంబం మొత్తం, పండు ముసలి నుంచి చంటిపిల్ల దాకా, ఒకే గుడ్డలో కనపడాలట. నలభై ఒక్కమంది. మగవాళ్ళకి చొక్కాలు. ఆడవాళ్ళకి పులెటాసీలు, అంటే కింద పాదాల దాకా లంగా, దాని మీద మోకాళ్ళు దాటే పైచొక్కా. "అందరి కొలతలూ నీకు తెలిసినవేగా. శుక్రవారం సాయంత్రానికి ఇస్త్రీతో సహా ఉండాలి. కుట్టుకూలి మిగులుతుంది కనక ఆ డబ్బు నా పేరు మీద చర్చికి ఇస్తానని పాస్టరుగారికి చెప్పేశాను కూడా" అంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే ఇదే కాబోలు. ఆ సొమ్ము నా నడుములోంచి రావాలి.

"వదినా, బడిపిల్లల బట్టలున్నాయి. శుక్రవారం ఇవ్వాలి" అన్నాను, తలెత్తకుండానే. "బడిపిల్లలు మన వాళ్ళా? ముందు ఇల్లు, తర్వాతే ఊరు" అని, తను మాట్లాడటం అయిపోయినట్టు కప్పు నా వైపు జరిపింది. కప్పు జరిపితే కోకో పొయ్యమని. పోశాను.

ఆ బడి పని కోసం మూడేళ్ళు తిరిగాను. హెడ్‌మిస్ట్రెస్‌గారు ప్రతి ఏడూ ఆపియాలో ఒక పెద్ద దుకాణానికి ఇచ్చేది. ఈ ఏడాది నేను నమూనాగా కుట్టి తీసుకెళ్ళిన పులెటాసీని తిరగేసి, లోపలి కుట్లు గోటితో లాగి చూసి, "సరే, అరవై జతలు. ఒక్క రోజు ఆలస్యమైనా మళ్ళీ నీ మొహం చూడను" అంది. వచ్చే సోమవారం బడి తెరుస్తారు. అరవైలో ఇరవై రెండు అయ్యాయి. ముప్పై ఎనిమిది కత్తిరించి సిద్ధంగా ఉన్నాయి. ఇది పోతే ఇక ఎవరూ నాకు పెద్ద పని ఇవ్వరు. చిరుగులు కుట్టుకుంటూ, గుండీలు మార్చుకుంటూ చావాలి.

మా భాషలో నన్ను నోఫోటానె అంటారు, మొగుడింట్లో ఉండే మనిషి అని. పెళ్ళయి మొగుడి వాళ్ళ ఊళ్ళో కాపురం పెట్టిన ప్రతి ఆడదీ నోఫోటానే. అందరికంటే ముందు లేస్తుంది, అందరూ తిన్నాక తింటుంది. మొగుడి అక్కచెల్లెళ్ళు వస్తే చాప పరుస్తుంది, వాళ్ళ చేతులకి నీళ్ళందిస్తుంది, వాళ్ళు తింటుంటే పక్కన కూర్చుని ఈగలు తోలుతుంది. మా ఇళ్ళకి గోడలుండవు. మిషను ముందు కూర్చుంటే దారిన పోయేవాళ్ళందరికీ కనపడతాను. "ఖాళీగా ఉన్నావా సెలాయినా? ఈ చొక్కా కాస్త చూడు." మిషను తొక్కుతున్న మనిషి ఖాళీగా ఉన్నట్టు ఎవరికైనా ఎలా కనపడుతుందో నాకు ఐదేళ్ళుగా అర్థం కాలేదు. పిల్లలు లేరు, ఆ మాటా అనకుండా వదల్లేదు. "ఒళ్ళో పిల్లలుంటే మిషనుకి తీరికుండేదా" అని మా అత్తగారు చర్చి మెట్ల మీద నలుగురిలో అంది.

కిందటేడు ఒక అధికారి వచ్చి, ఊరి సభలో చిన్న వ్యాపారాల గురించి గంటసేపు మాట్లాడాడు. "మీరే ఈ దేశానికి వెన్నెముక" అన్నాడు. నేను వెనకాల నిలబడి వచ్చినవాళ్ళకి కోకో అందిస్తున్నాను. వెన్నెముకకే నడుంనొప్పి వస్తే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. వ్యాపారం నమోదు చేసుకునే కాగితాలు పంచాడు. అలేకి మా కాగితం తీసుకుని, యజమాని అన్నచోట తన పేరు రాశాడు. పనివాళ్ళు ఎంతమంది అన్నచోట సున్నా చుట్టాడు. "అదేంటి, మరి నేను?" అన్నాను. "నువ్వు పనిమనిషివా ఏంటే, ఇంటిమనిషివి!" అని నవ్వాడు. ముద్దుగా అన్నాననుకున్నాడు. మా ఊళ్ళో ఐదేళ్ళలో మూడు కొట్లు మూతపడ్డాయి. బేరాలు లేక కాదు. చుట్టాలు వచ్చి చేపల డబ్బాలు పట్టుకుపోయి, కాదన్నవాణ్ణి పిసినారి అని ఊరంతా చెప్పుకోబట్టి. పెద్ద దుకాణం వాడికి తలుపుంటుంది, తాళం ఉంటుంది. మాలాంటివాళ్ళకి అందరూ చుట్టాలే.

ఆ సోమవారం మధ్యాహ్నం అలేకిని పక్కకి పిలిచి, "మీ అక్కకి చెప్పు. బడి పని పోతే మళ్ళీ రాదు" అన్నాను. చేతిని ఏదో కరిచినట్టు వెనక్కి జరిగాడు. "అక్కకి ఎదురు చెప్పమంటావా? అక్కంటే తమ్ముడి కంటిపాప. అక్క నోట శాపం వస్తే వంశం నిలుస్తుందా?"

"పెళ్ళాం నోట శాపం వస్తే ఏ దేవుడికీ వినపడదా?"

"నోరు లేస్తోంది నీకు! ఏదో కాలక్షేపానికి కుట్టుకుంటున్నావని ఊరుకుంటుంటే..."

కాలక్షేపమట! పోయిన ఏడాది తుపానుకి ఎగిరిపోయిన వంటింటి రేకులు ఎవరి కాలక్షేపంతో వచ్చాయి? ఆ రేకుల కిందే వండిపెడుతున్నాను నీకు! ఒళ్ళు మండిపోయింది. కానీ అరవలేదు. అరిస్తే అది గొడవవుతుంది, సాయంత్రం ప్రార్థన వేళకి నేనే క్షమాపణ చెప్పాల్సి వస్తుంది. మిషను తల భాగం మరలు విప్పి దుప్పట్లో చుట్టాను. కత్తిరించిన గుడ్డ రెండు సంచుల్లో కూరాను, కుట్టిన ఇరవై రెండూ ఒక మూట కట్టాను. నీలం తానులు ఉన్నచోటే వదిలేసి రోడ్డెక్కాను.

బస్సు కిటకిటలాడుతోంది. మా బస్సుల్లో నిలబడటం ఉండదు, చోటు లేకపోతే ఎవరో ఒకరి ఒళ్ళో కూర్చోవడమే. పేరు కూడా తెలియని ఒక పెద్దావిడ ఒళ్ళో నేను, నా ఒళ్ళో మిషను. "ఏంటమ్మా ఇది, బిడ్డా బండా?" అందావిడ మూలుగుతూ. "రెండూ" అన్నాను. అరగంట ప్రయాణం. మా పుట్టింటి ఊరు.

ఇక్కడ నేను వేరే మనిషిని. ఇక్కడ నేను ఆడపడుచుని. రోడ్డు మీద నన్ను చూడగానే మా తమ్ముడు లఫాయెలె పరిగెత్తుకొచ్చి సంచులందుకున్నాడు. వాడి పెళ్ళాం పెనీనా మంచి చాప పరిచి, తల వంచుకుని, "రండి వదినా" అని కోకో తెచ్చింది. జరిగింది చెప్తే లఫాయెలె పళ్ళు కొరికాడు. "మా అక్కని అంత మాటంటారా! ఇది నీ ఇల్లక్కా. ఎవడొస్తాడో చూస్తాను" అన్నాడు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ రాజ్యంలో, ఇంట్లో ఉన్న పాత తొక్కుడు బల్లకి మిషను బిగించుకున్నాను. గుండీలకీ కాజాలకీ ఎవరినైనా కూలికి పిలవనా అని వాడు అడిగితే, "ఎందుకురా డబ్బు దండగ? పెనీనా ఇంట్లోనే ఉందిగా, తను చేసేస్తుందిలే" అన్నాను. పెనీనా సూది తెచ్చుకుని కూర్చుంది.

మంగళవారం, బుధవారం నాకు లోకం తెలియలేదు. వేళకి అన్నీ వస్తున్నాయి. కాల్చిన సీమపనసకాయ, కొబ్బరిపాలలో చేప, స్నానానికి నీళ్ళు. గుండీలు కూడా ఎంత పొందికగా కుట్టిందో! గురువారం పొద్దున చూరు కింద సంచి లాగుతుంటే దాని వెనకాల సగం అల్లిన కొబ్బరాకు విసనకర్రల కట్ట కనిపించింది. ఆకులు ఎండి పెళుసెక్కాయి. ఇక అల్లితే విరిగిపోతాయి.

"ఇవేంటి పెనీనా?"

"ఏం లేదు వదినా. ఓడరేవు దగ్గర కొట్టావిడ ముప్పై అడిగింది."

"ఎప్పటికి?"

"నిన్నటికి."

"మరి చెప్పలేదేం?"

పెనీనా నన్ను వింతగా చూసింది. నేనేదో పరీక్ష పెడుతున్నాననుకుంది పాపం. "మీరొచ్చారు కదా" అంది.

అంతే. చేతిలో ఉన్న లంగా కాజా పూర్తి చేసి దారం పళ్ళతో కొరికింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. సోమవారం నా నోటితో నేనే అన్నాను, పెనీనా ఇంట్లోనే ఉందిగా అని. గొంతు కూడా నాది కాదు, మకెరిటాది. నాకు చాప పరిచిన చేతులకి ఒక పని ఉంటుందని, దానికి ఒక గడువు ఉంటుందని, ఆ కొట్టావిడ కూడా మా హెడ్‌మిస్ట్రెస్‌గారిలాగే మళ్ళీ నీ మొహం చూడనని అనేసి ఉంటుందని తట్టలేదు. తట్టకపోవడానికి నేనేమైనా ఆపియా ఉద్యోగినా? ఐదేళ్ళుగా ఈగలు తోలిన దాన్ని! సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపు కూడా వచ్చింది. కానీ ఏడిస్తే మళ్ళీ పెనీనాయే వచ్చి ఓదార్చాలి, అదొక చాకిరీ. మింగేశాను.

మధ్యాహ్నం లఫాయెలె ఎదురుగానే పెనీనాకి చెప్పాను, తను చేసిన పనికి జతకి ఇంత చొప్పున కూలి ఇస్తున్నాననీ, పోయిన విసనకర్రల ఖరీదు కూడా కలిపి ఇస్తున్నాననీ. వాడి మొహం ఎర్రబడింది. "ఇంటి కోడలికి కూలేంటక్కా? నలుగురూ వింటే నా పరువేం కావాలి?"

"అచ్చం ఈ మాటే వినలేక ఒకరి ఒళ్ళో కూర్చుని ఇంత దూరం వచ్చానురా. నువ్వు తమ్ముడివైనంత మాత్రాన నీ నోట తియ్యగా ఉంటుందా?"

వాడు లేచి తోటలోకి పోయాడు. రాత్రి భోజనానికి గానీ తిరిగి రాలేదు. పెనీనా మాత్రం, "నిజంగానే ఇస్తారా వదినా?" అని రెండుసార్లు అడిగింది. రెండోసారి అడిగాక ఆ డబ్బుతో ఏం చేస్తుందో చెప్పింది. ఎవరికీ తెలియని ఆశ. పెద్దదేం కాదు, ఒక జత కళ్ళద్దాలు.

శుక్రవారం మూడింటికి అరవై జతలూ బడిలో పెట్టాం. హెడ్‌మిస్ట్రెస్‌గారు మళ్ళీ గోటితో కుట్లు లాగి చూసింది, మా బడుల్లో మగపిల్లల యూనిఫాం లుంగీయే, ఆ లుంగీల జేబుల్లో చెయ్యి పెట్టి చూసింది. "వచ్చే ఏడాది నూరు చెయ్యగలవా?" అంది. "మేమిద్దరం ఉన్నాం, చేస్తాం" అన్నాను. పెనీనా నా వెనకాల నిలబడి ఉంది. ముందుకి లాగాను.

సాయంత్రం అలేకి ఫోను చేశాడు. "అక్క ఏడుస్తోంది. తానులు తానుల్లాగే ఉన్నాయి. ఊళ్ళో ఇంకెవరిని అడిగినా కూలి అడుగుతున్నారు!"

"అడగరూ మరి? నేనూ అడుగుతాను. దుకాణానికి రమ్మను, కొలతలు ఇచ్చి వెళ్ళమను."

"ఏ దుకాణం?"

"పెనీనా వాళ్ళింట్లో పెట్టాను. నా పేరు మీద."

చిన్న గొంతుతో, "నువ్వెప్పుడొస్తావు?" అన్నాడు.

"ఆదివారం వస్తాను. సోమవారం నుంచి రోజూ పొద్దున బస్సుకి ఇక్కడికొచ్చి, సాయంత్రం బస్సుకి అక్కడికొస్తాను. అది కుదరదంటే ఇక్కడే ఉంటాను, నువ్వు ఆలోచించుకో. మిషను మాత్రం ఇక ఆ గడప తొక్కదు."

ఆలోచించుకున్నాడు. రోజూ సాయంత్రం బస్సు దగ్గర నిలబడుతున్నాడు. మకెరిటా వదిన మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. శనివారం చర్చికి తలో రంగులో వెళ్ళారట. చర్చి కూలలేదు.

నెల తిరిగేసరికి పెనీనా మిషను మీద చొక్కా చేతులు కూడా కుట్టడం నేర్చుకుంది. మొన్న మధ్యాహ్నం నేను గుడ్డ కత్తిరిస్తూ, పాత అలవాటు కొద్దీ, వెనక్కి తిరక్కుండానే, "పెనీనా, కాస్త కోకో పట్రా" అన్నాను.

మిషను ఆగలేదు. "ఈ చెయ్యి పూర్తవ్వాలి వదినా. మీరే పెట్టుకోండి" అంది.

నాకు కోపం వచ్చింది. దాచడం దేనికి, మరదలు అంత మాట అంటుందా అని నరాలు జివ్వుమనేంత కోపం వచ్చింది. కత్తెర చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. తర్వాత కత్తెర పక్కన పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఇద్దరికి సరిపడా నీళ్ళు పెట్టాను.