శబ్దం ఆపి చూసిన వీడియో

కోట్లమంది వాడే ఆ వీడియోల యాప్‌లో, తెలుగులో వచ్చే ఫిర్యాదులన్నీ చూడడానికి ఉన్నది ఆరంటే ఆరుగురు. సముద్రంలో కాకిరెట్ట! అందులో పెద్దావిడను అందరూ అక్క అంటారు.

ఒక్కో వీడియోకి ఎనిమిది సెకన్లు. రోజంతా ఘోరాలు చూస్తే మతిపోతుందని రంగులు తీసేసి, ముఖాలు మసకచేసి, శబ్దం ఆపి చూడడం ఆ గదిలో అలవాటు. కావాలంటే శబ్దం పెట్టుకోవచ్చు, కానీ పని వెనకబడి సూపర్‌వైజరు చేత తలంటించుకోవాలి. అక్క ఏనాడూ వెనకబడలేదు. ఆ గర్వం కూడా ఉంది మహాతల్లికి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి పదకొండేళ్ళ కూతురు మంచమ్మీద ముడుచుకుని ఉంది. నత్తితో మాట తడబడినా వసపిట్టలా వాగే పిల్ల, మూడు రోజులుగా నోరు విప్పడం లేదు. గొంతునొప్పి కాబోలనుకుంది తల్లి.

"ఏమైందే బంగారం? నా తల్లివి కదూ, చెప్పవే!"

పిల్ల ఫోను చేతికిచ్చింది. తరగతిలో నిలబడి పాఠం చదువుతోంది తనే. మాట తట్టుకున్న ప్రతిచోటా ఎవరో స్టార్టు కాని బండి చప్పుడు అతికించారు. వెనక నవ్వులు. నాలుగు లక్షలమంది చూశారు. పిల్ల చేసిన మొదటి ఫిర్యాదుకి మంగళవారమే జవాబొచ్చింది: "మా సిబ్బంది పరిశీలించారు. ఇందులో తప్పేమీ లేదు."

 వీడియోలో పిల్ల వెనక కనిపించే విరిగిన కిటికీ రెక్కను తల్లి ఆఫీసులో ముందే చూసింది. బూడిదరంగులో, ముఖం లేని పిల్లెవరో పుస్తకం పట్టుకుని నిలబడితే, "చదువుకుంటోంది, ఇందులో ఏముంది?" అనుకుని మూడో సెకనులో "తప్పు లేదు" అని నొక్కేసింది. కన్నకూతుర్ని పోల్చుకోలేదు!

వెంటనే సూపర్‌వైజరుకి ఫోన్ చేసింది.

"తప్పు లేదని ఒకసారి నొక్కాక అది మళ్ళీ మన దగ్గరికి రాదక్కా. ఎవరు ఎన్నిసార్లు మొత్తుకున్నా మెషీనే అదే జవాబు పంపేస్తుంది. పైగా ఈపాటికి ఎన్ని కాపీలయ్యాయో! నావల్ల కాదు, మీవల్లా కాదు."

పిల్ల నోటుపుస్తకం లాక్కుని రాసింది: "నాలుగుసార్లు ఫిర్యాదు చేశా. చూసేవాళ్ళకి చెవులుండవా అమ్మా?"

తల్లి ఆ పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"నేనేనమ్మా చూసింది. శబ్దం పెట్టలేదు."

పిల్ల తలెత్తింది. మూడు రోజుల్లో మొదటిసారి పెదవులు కదిపింది.

"అ... అ..."

అంతటితో ఆగి, రెండు చేతులతో నోరు మూసుకుంది.