ఉమామహేశ్వరం జేబులో కొంగలు

పొద్దున్నే రొయ్యలకి మేత జల్లి, చెరువు గట్టు మీద పాక ముందు కూర్చుని టీ తాగడం ఉమామహేశ్వరానికి అలవాటు. టీ సగంలో ఉండగా జేబులో ఫోన్ టింగుమంటుంది. తెర మీంచి కొంగ లేస్తుంది. గుడ్‌మార్నింగ్ అయితే కొంగ, ఎవరో పంపింది ఇంకెవరికో తోసేస్తే కాకి, వాయిస్ మెసేజ్ అయితే నీటికాకి. యానాం టౌన్లో వాళ్ళకి దీంతో పెద్ద బాధ లేదు, కిటికీ తీస్తే ఎగిరిపోతాయి. పక్కనున్న అడవిపొలం ఊళ్ళో రొయ్యల చెరువు కౌలుకి చేసేవాడికి మాత్రం కొంప కొల్లేరే.

చెరువు మీద అడ్డంగా, నిలువుగా దారాలు కట్టాడు. పైనుంచి దిగే పిట్టల్ని దారాలు ఆపుతాయి, సరే. చొక్కా జేబులోంచి వచ్చేవాటిని ఎవరాపుతారు? అవి దారాల కిందనుంచి మగపెళ్ళివారిలా దర్జాగా నడిచి వెళ్ళి రొయ్యల్ని మింగేవి. పోయిన పంట అలాగే పోయింది. ఇదీ పోతే చెరువు వదిలేసుకోవాల్సిందే.

"ఆ కుటుంబం గ్రూపులోంచి బయటికొచ్చేయండి," అంది భార్య తేజస్విని.

"అమ్మో! పెదబాబు బాబాయి అలాగే వచ్చేసి ఏమయ్యాడు? సొంత మేనకోడలి పెళ్ళి ఫొటోల్లో చూశాడు."

నిజమే. ఆ వంశంలో శుభలేఖలు పంచడం ఎప్పుడో మానేశారు. పెళ్ళి పిలుపైనా, పురుడి కబురైనా గ్రూపులోనే. పోనీ ఫోన్ కట్టేద్దామంటే, కరెంటు పోయి, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిన సంగతి దాంట్లోనే తెలుస్తుంది.

చివరికి గ్రూపుని మ్యూట్‌లో పెట్టాడు. ఆహా, ఎంత ప్రశాంతం! మధ్యాహ్నం హాయిగా కునుకు తీశాడు. తేజస్విని వచ్చి, మేత ఎంత తిన్నాయో చూద్దామని చెరువులోంచి చెక్ ట్రే పైకి లాగింది. అందులో మేత అలాగే ఉంది, రొయ్యలే లేవు. తలెత్తి చూస్తే గట్టు పొడుగునా కొంగలు బంతిలో కూర్చున్నట్టు వరసగా, కిక్కురుమనకుండా భోంచేస్తున్నాయి. మ్యూట్ చేస్తే అరుపులు ఆగుతాయిగాని పిట్టలు ఆగవు కదా.

"ఏవండీ! లెగండి! మీ చుట్టాలు మొత్తం ఊడ్చేత్తన్నారు!"

ఎక్కువ కొంగలు ఎవరివో ఇద్దరికీ తెలుసు. ఆ గ్రూపు పెట్టిన మేనత్త సత్యవతమ్మవి. ఆవిడ గుడ్‌మార్నింగ్ బొమ్మ పెడితేనే మిగతావాళ్ళు జవాబులు మొదలెడతారు. ఆవిణ్ణి కడిగిపారేద్దామని తేజస్విని ఆటో ఎక్కి యానాం వెళ్ళింది.

సత్యవతమ్మ వీధరుగు మీద ఒక్కతే కూర్చుని, ఫోన్లో రేపటికి గులాబీల బొమ్మ ఏరుకుంటోంది.

"అత్తయ్యగారూ, రోజుకి అన్ని గుడ్‌మార్నింగులేంటండీ?"

"మీ మావయ్య పోయాక పొద్దున్నే నన్ను పలకరించేదెవరమ్మా? బొమ్మ పెడితే ఎవరో ఒకరు దణ్ణం బొమ్మ పెడతారు. అదొచ్చేదాకా కాఫీ తాగబుద్ధి కాదు."

తేజస్విని కోపం నీరుగారిపోయింది. ఆ దణ్ణాల్లో తనదీ ఒకటి, ఏ రోజూ చూసి నొక్కింది కాదు. సిగ్గేసింది.

"లేవండి. మా గట్టు మీద కూర్చుని మాట్లాడుదురుగాని."

నోటితో అన్న మాటల్లోంచి పిట్టలు రావు. గట్టు మీద మంచం వాల్చుకున్న సత్యవతమ్మ ఫోన్ జోలికే పోలేదు. పనివాళ్ళతో, మేత బండివాడితో, చివరికి మిగిలిన కొంగలతో కూడా కబుర్లు మొదలెట్టింది.

"ఏమే, పెళ్ళయ్యిందా నీకు? పిల్లలెంతమంది? ఇంకా లేరా? డాక్టరుకి చూపించుకున్నావా?"

కొంగలు మొహమొహాలు చూసుకుని గోదారి వైపు లేచిపోయాయి. నీటికాకులు మొండి ఘటాలు, జీతమెంతని అడిగేదాకా కదల్లేదు.

సాయంత్రం ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి ఆటో వచ్చింది. ఉమామహేశ్వరం దాన్ని ఖాళీగా పంపేశాడు.

"రొయ్యల పట్టుబడి దాకా ఉండత్తా. తర్వాత కూడా ఉండు," అన్నాడు. చెరువులో మిగిలిన రొయ్యలు చాలు, ఈ పంట గట్టెక్కుతుందని అతనికి ధైర్యం వచ్చింది.

మర్నాడు గ్రూపులో గులాబీలు రాలేదు. ఎండెక్కేసరికి వంశమంతా హడలిపోయింది. ఆవిడ గొంతు విని ఏళ్ళయిన వాళ్ళు కూడా నంబరు వెతుక్కుని ఫోన్లు మొదలెట్టారు. ముందుగా కలిసింది కాకినాడలో ఉన్న మరిదికి.

"వదినా! బతికే ఉన్నావా?" అని భోరుమన్నాడు.

సత్యవతమ్మ ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, రెండు చేతులా మేత జల్లుతోంది.

"ఉన్నానయ్యా. ఇప్పుడు ఖాళీ లేదు, పెట్టేయ్," అంది.