ఖాళీ స్లయిడు

ఎలుక విదిల్చుకోవడంతో రక్తం తీస్తున్న సూది చెల్లెలి బొటనవేల్లో దిగబడింది. చెల్లెలు ఎలుకని నేలకేసి కొట్టి చంపి, వేలు పిండి పిండి రక్తం కార్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

మా ల్యాబులో ఎలుకల్లో పెంచేది నిద్రజబ్బు పురుగుని. ఒకే ఒక్క కణం, కానీ జగమొండి. ఒంటిమీద చొక్కాలా వేసుకునే పూతకి దాని దగ్గర వందల జన్యువులున్నాయి. ఒకసారికి ఒక్కటే తెరుస్తుంది. మన ఒళ్లు ఆ చొక్కాని గుర్తుపట్టి చితక్కొట్టేలోపు కొన్ని పురుగులు ఇంకో జన్యువు తెరిచి చొక్కా మార్చేస్తాయి. పదేళ్లుగా మా డైరెక్టరు పేపర్లు రాస్తున్నది దీనిమీదే. అలాంటివాడు మా చెల్లెలి విషయంలో ఏం చేశాడో చూడండి.

ఆరోరోజు చెల్లెలికి జ్వరంతో ఒళ్లు పేలిపోయింది. దాని రక్తం చుక్క వేసిన స్లయిడు నిండా పురుగులు గిలగిల్లాడటం నా కళ్లతో చూశాను. ఊరినుంచి డైరెక్టరు తొమ్మిదోరోజు వచ్చి కొత్త స్లయిడు చూశాడు. ఖాళీ.

"రక్తం శుభ్రంగా ఉంది. ఇంకేం కావాలమ్మా?"

"చొక్కా మారుస్తున్నాయి సార్! మళ్లీ లేస్తాయి. మీరు రాసిందే కదా! మెదడుకి ఎక్కితే మనిషి దక్కదు. ఒక్క ఫోను చెయ్యండి, మందు పంపిస్తారు."

ఆ మందు బయట దొరకదు. ప్రమాదం జరిగిందని డైరెక్టరు చెబితేనే ఆరోగ్యశాఖ పంపుతుంది. చెబితే ల్యాబు మూత.

"నాకు పాఠాలు చెప్పకు," అన్నాడు.

"వదిలెయ్యవే అక్కా," అంది చెల్లెలు గోడకి చేరగిలబడి. నాకు ఒళ్లు మండిపోయింది.

స్టూలెత్తి డైరెక్టరు మొహంమీద బాదాను. ముక్కు పటుక్కుమంది. కిందపడ్డవాడి ఛాతీమీద మోకాలు వేసి, జబ్బు ఎక్కించినా పొద్దున స్లయిడు ఖాళీగా వచ్చిన ఇంకో ఎలుక రక్తాన్ని సిరంజితో వాడి తొడలోకి పొడిచాను. నాకు భయం వెయ్యలేదు, సంతోషం వేసింది.

"శుభ్రమైన రక్తమే సార్. ఎందుకు అరుస్తారు?"

నెత్తురు కక్కుతూ ఫోనుకోసం పాకాడు. "ప్రమాదం జరిగింది, మందు పంపండి! ఇప్పుడే!" అని ఏడ్చాడు.

ఎంతమందికని అవతలివాళ్లు అడిగారు.

"ఒక్కడికే," అన్నాడు.

వాడి చేతిమీద కాలేసి తొక్కి ఫోను లాక్కున్నాను. "ఇద్దరికి. ముందు మా చెల్లికి."